కలివికోడి, తెలుగుగంగ: ఒక పేరు, ఒక కాలువ

మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డన్ 1862–64 మధ్య మూడు సంపుటాలుగా ప్రచురించిన భారతీయ పక్షుల గ్రంథంలో ఒక పక్షికి తెలుగు పేరును కూడా చేర్చాడు. రోమన్ లిపిలో అతడు రాసుకున్న రూపాన్ని మన లిపిలోకి తెస్తే అది 'అడవ ఉత్తతిత్తి' అవుతుంది. అడవిలోని ఖాళీ సంచి అని దానికి అర్థం చెప్పుకున్నాడు. నూటపాతిక సంవత్సరాల తర్వాత అదే పక్షి కడప జిల్లాలో మళ్లీ కనబడినప్పుడు దానిని గుర్తుపట్టినవారు ఈ పేరు చెప్పలేదు. 'కలివికోడి' అన్నారు. ఈ రెండు పేర్ల మధ్య కాలంలో ఆ పక్షి శాస్త్రలోకానికి దాదాపుగా లేనిదే. ఆ నేల మీద నివసించేవారికి మాత్రం అది ఉంటూనే వచ్చింది. దానిని మళ్లీ కనుగొనేనాటికి, అది తిరిగే పొదల దిక్కుగా రాయలసీమ తరతరాలుగా ఎదురుచూసిన నీరు కాలువ రూపంలో రావడానికి సిద్ధమవుతోంది.

అభివృద్ధికి, వన్యప్రాణి రక్షణకు మధ్య సమతౌల్యం అనే మాట ఇటీవలి చర్చలలో తరచుగా వినబడుతుంది. త్రాసులో రెండు వైపులా ఏమున్నాయో ముందే తెలిసినట్లు ఆ మాట ధ్వనిస్తుంది. కలివికోడి విషయంలో ఒక పళ్లెంలో ఏముందో చాలాకాలం ఎవరూ చూడలేదు. ఎందుకు చూడలేదు అనేది కొంతవరకు భాషకు సంబంధించిన ప్రశ్న అని నేను భావిస్తున్నాను. సాహిత్య విద్యార్థిగా ఈ విషయంలోకి రావడానికి నాకున్న అర్హత అంతే.

పేరు గురించి

జెర్డన్ నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్న రోజులలో తూర్పు కనుమల జంతుజాలాన్ని పరిశీలించాడు. అడవి ఎరిగిన స్థానికుల దగ్గర నుంచి పేర్లు, అలవాట్లు సేకరించాడు. అతడు పంపిన నమూనా ఆధారంగా కలకత్తాలో ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో ఈ పక్షికి శాస్త్రీయ వర్ణన ఇచ్చాడు. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు ఉండడం వల్ల లాటిన్‌లో 'రెండు హారాలది' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆంగ్లంలో అది జెర్డన్ పేరు మీదనే స్థిరపడింది.

ఉత్తతిత్తి అనే మాటను జెర్డన్ ఉత్త + తిత్తి అని విడదీసుకున్నట్లు కనబడుతుంది. ఉత్త అంటే ఖాళీ, తిత్తి అంటే తోలుసంచి. పదవిభాగంగా ఇందులో తప్పు పట్టడానికి లేదు. అయితే చదును నేల మీద పరుగెత్తే ఈ జాతి పక్షులకు మన దేశంలో కూతను బట్టి పేరు పెట్టే అలవాటు ప్రాచీనమైనది. సంస్కృతంలోని టిట్టిభ శబ్దం అలాంటిదే. మన తీతువు కూడా ఆ కోవలోదే కావచ్చు. కాబట్టి 'తిత్తి' అనేది సంచి కాక కూతకు అనుకరణ కావడానికే అవకాశం ఎక్కువ అని నా ఊహ. దీనికి శాసనాధారమో నిఘంటువు ఆధారమో చూపలేను. ముఖ్యమైనది మాత్రం పేరుకు ముందున్న 'అడవి' అనే విశేషణం. అంటే ఉత్తతిత్తి అని పిలవబడే సాధారణమైన పక్షి ఒకటి ఉంది, ఇది దాని అడవి రకం అని చెప్పినవారికి తెలుసు. పొలాలలో తిరిగేదానిని, పొదలలో తిరిగేదానిని వారు వేరు చేసి చూశారు. బ్లైత్ కలకత్తాలో చేసిన వర్గీకరణకు ముందే ఇక్కడ ఒక వర్గీకరణ జరిగిపోయింది.

'కలివికోడి' అనే పేరు మరింత కచ్చితమైనది. కలివి ముళ్లపొద. దాని కాయలు పచ్చిగా ఉన్నప్పుడు పుల్లగా, పండి నల్లబడ్డాక తియ్యగా ఉంటాయి. వేసవి సెలవులలో గుట్టల అంచులకు వెళ్లిన పిల్లలెవరికీ వాటిని పరిచయం చేయనక్కరలేదు. ఆ పొదల మధ్య తిరిగే కోడి కలివికోడి. పక్షి రంగును బట్టో కూతను బట్టో కాక, అది ఉండే చోటును బట్టి పెట్టిన పేరు ఇది. 2000 తర్వాత కడప పొదలలో పరిశోధకులు కొన్ని సంవత్సరాలు శ్రమించి తేల్చిన విషయం కూడా ఇంచుమించు ఇదే. ఈ పక్షి దట్టమైన అడవిలో ఉండదు, పూర్తిగా బయలు నేలలోనూ ఉండదు. మనిషి ఎత్తును దాటిన పొదలు హెక్టారుకు సుమారు 300 నుంచి 700 వరకు ఉండి, వాటి నడుమ పరుగెత్తడానికి వీలైన వట్టి నేల ఉండాలి. తుమ్మ, రేగు, కలివి కలిసిన ఎడమెడమైన చిట్టడవి అన్నమాట. శాస్త్రం లెక్కగట్టి చెప్పినదానిని పేరు ఒక్క సమాసంలో చెప్పింది.

కనబడకుండా పోయిన కాలం

జెర్డన్ తర్వాత బ్లాన్‌ఫర్డ్ గోదావరి లోయలో సిరొంచ, భద్రాచలం ప్రాంతాలలో ఈ పక్షిని చూశాడు. 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ కాంప్‌బెల్ చూసినదే చాలాకాలం పాటు చివరి నమోదుగా నిలిచింది. ఆ తర్వాత సలీం అలీ వంటివారు కూడా దీనికోసం వెతికి విఫలులయ్యారు. అది అంతరించిపోయి ఉంటుందనే నిర్ణయానికి పక్షి శాస్త్రజ్ఞులు వచ్చారు. (చిత్రమేమిటంటే, కోలారు బంగారు గనుల ప్రాంతంలో 1917లో సేకరించిన ఒక గుడ్డు స్కాట్లాండులోని ఆబర్దీన్ విశ్వవిద్యాలయ సంగ్రహంలో ఎవరి దృష్టికీ రాకుండా పడి ఉంది. అది ఈ పక్షిదేనని జన్యుపరీక్ష ద్వారా 2013లో నిర్ధారించారు.)

అది అంతకాలం కనబడకపోవడానికి కారణం వెతికిన తీరులోనే ఉంది. ఇది రాత్రి తిరిగే పక్షి. పగలు పొద నీడన కదలకుండా కూర్చుంటుంది. వెతికినవారు పగటి పూట వెతికారు. 1985లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ సర్వే ప్రారంభించినప్పుడు ఆయన అనుసరించిన పద్ధతి వేరు. పక్షి బొమ్మను పల్లెలలో, వేటగాళ్ల మధ్య తిప్పి, ఎరిగినవారు ఎవరైనా ఉన్నారా అని విచారించారు. రెడ్డిపల్లె ప్రాంతంలో ఒక వేటగాడు ఇది కలివికోడి అని చెప్పి, 1986 జనవరిలో రాత్రిపూట టార్చి వెలుగులో ఒక పక్షిని పట్టి తెచ్చాడు. ఆ పక్షి కొద్దిరోజులకే చనిపోయింది. ఎనభై ఆరేళ్ల తర్వాత దొరికిన మొదటి ప్రాణి అలా ముగియడం విషాదమే. అయినా పక్షి ఇంకా బతికి ఉందన్న సంగతి నిలబడింది. 1988లో తపాలా శాఖ దీని బొమ్మతో బిళ్ల విడుదల చేసింది. అదే సంవత్సరం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

ఈ పునరావిష్కరణను సాధారణంగా శాస్త్ర విజయంగా చెబుతారు. అది శాస్త్ర విజయమే, సందేహం లేదు. అయితే ఆ విజయం ఒక ప్రశ్న అడగడంలో ఉంది. ఆ ప్రశ్నకు సమాధానం తెలిసినవారు ఎనభై ఆరేళ్లుగా అక్కడే ఉన్నారు. వారిని తెలుగులో అడిగినవారు అంతవరకు లేరు.

నీటి పక్షం

ఇప్పుడు రెండో పళ్లెం చూడాలి. దానిని తేలికగా చూసి పక్షి వైపు మొగ్గే వ్యాసాలు కొన్ని నేను చదివాను. అలాంటివి రాసినవారు రాయలసీమలో ఒక ఎండాకాలం గడిపి ఉండరని అనిపిస్తుంది.

1876–78 కరవు ఈ జిల్లాలను ఎంతగా పీల్చివేసిందో చరిత్ర గ్రంథాలు చెబుతాయి. అంతకు ముందే 1863లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కర్నూలు–కడప కాలువ తవ్వకం మొదలుపెట్టింది. లాభార్జన కోసం సాగిన ఆ ప్రయత్నం ఆర్థికంగా దెబ్బతిని 1882లో ప్రభుత్వపరమైంది. 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా జలాల వినియోగంలో రాయలసీమకు ప్రాధాన్యం ఇవ్వాలన్న అంశం ఉంది. విద్వాన్ విశ్వం 1956లో 'పెన్నేటి పాట' వెలువరించేనాటికి ఆ హామీ చాలావరకు కాగితం మీదనే ఉంది. పెన్నా పేరుకు నది, చూడబోతే ఇసుక. ఆ నేల మీద నీరు రాజకీయ నినాదంగా మారకముందే కావ్యవస్తువైంది.

తెలుగుగంగ మొదట ఆలోచనలో సీమ కోసం పుట్టినది కాదు. మద్రాసు నగరానికి తాగునీరు ఇవ్వడం కోసం మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ తమ కృష్ణా వాటాల నుంచి ఐదేసి టి.ఎం.సి.ల చొప్పున మొత్తం 15 టి.ఎం.సి.లు వదలడానికి 1976లో అంగీకరించాయి. 1983 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. కాలువ ఎలాగూ సీమ మీదుగానే పోవాలి. ఆ దారిలో ఉన్న పొలాలకు కూడా నీరు అందాలన్న పట్టుదలతో, ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో పథకం స్వరూపం విస్తరించింది. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు మీదుగా బనకచెర్ల, వెలుగోడు, బ్రహ్మంగారిమఠం దగ్గరి బ్రహ్మంసాగరం, అక్కడి నుంచి సోమశిల, కండలేరు, చివరకు తమిళనాడులోని పూండి. దారి పొడవునా సుమారు 5.75 లక్షల ఎకరాలకు సాగునీరు లక్ష్యం. 1996 సెప్టెంబరులో కృష్ణా నీరు తమిళనాడు సరిహద్దు చేరింది. సీమలోని పిల్లకాలువల పని అంత వేగంగా సాగలేదు. చెన్నై కుళాయికి నీరు చేరిన చాలా ఏళ్లకు కూడా పక్కనే ఉన్న చేను ఎదురుచూస్తూ ఉండిపోయిందన్న ఫిర్యాదులో న్యాయం ఉంది.

2005 నాటి వివాదాన్ని ఈ నేపథ్యంలో చదవాలి. కాలువ తవ్వినవారికి గాని, దానికోసం ఎదురుచూసినవారికి గాని కలివికోడితో శత్రుత్వం లేదు. వారిలో అత్యధికులకు అది అక్కడ ఉన్నట్లే తెలియదు.

2005

2000 నుంచి పి. జెగనాథన్, ఆయన సహచరులు ఈ పొదలలో క్రమబద్ధమైన అధ్యయనం చేశారు. పక్షిని చూడడం దుర్లభం కనుక నేల మీద మెత్తని మట్టి పట్టీలు పరిచి పాదముద్రలు చదివారు. తనంతట తానే ఫోటో తీసే కెమెరాలు అమర్చారు. కూతను రికార్డు చేసి సంధ్యవేళ తిరిగి వినిపించి, జవాబు వస్తుందేమో చూశారు. పక్షి ఎక్కడ ఉండగలదో ఉపగ్రహ చిత్రాల ఆధారంగా గుర్తించే ప్రయత్నం కూడా జరిగింది. 1991–2000 మధ్య కాలపు చిత్రాలను పోల్చినప్పుడు కడప ప్రాంతంలో పొదల నేల తగ్గుతూ, సాగునేల పెరుగుతూ ఉన్నట్లు తేలింది.

2005 చివరలో, ఈ పక్షి తిరిగే నేలలో భారీ యంత్రాలు తెలుగుగంగ కాలువ తవ్వుతూ ఉండడం క్షేత్రంలో పనిచేస్తున్న పరిశోధకుల కంట పడింది. అభయారణ్య పరిధిలో ఇలాంటి పనికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ముందస్తు అనుమతి అవసరం. అటవీ శాఖ పని ఆపించింది. విషయం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లింది. చివరకు పక్షి ఆవాసాన్ని తప్పించి కాలువ దారి మార్చారు. సుమారు 3,000 ఎకరాల భూమిని సేకరించి పక్షి కోసం కేటాయించే ఏర్పాటు జరిగింది.

ఈ ఘట్టం నుంచి నేను గ్రహించినది, కాలువకు, పక్షికి మధ్య అనివార్యమైన ఘర్షణ లేదని. దారి మార్చడం సాధ్యమైంది, మార్చారు, నీరూ పోయింది. ఖర్చు, ఆలస్యం పెరిగిన మాట నిజమే. ఆవాసాల పటం ముందే గీతలు గీసేవారి బల్ల మీద ఉంటే వాటిలో ఎక్కువ భాగం తప్పేవి. 1986లోనే పక్షి దొరికింది, 1988లోనే అభయారణ్యం ఏర్పడింది. అయినా 2005లో యంత్రం పొద దగ్గరకు వచ్చేదాకా ఒక శాఖకు తెలిసిన సంగతి మరొక శాఖకు చేరలేదు. దీనిని అభివృద్ధికి, ప్రకృతికి మధ్య ద్వంద్వం అనడం దానికి లేని గాంభీర్యాన్ని ఆపాదించడమే.

బీడు అనే మాట

నిజమైన చిక్కు కాలువ గీతలో లేదు. కాలువ వెంట వచ్చేదానిలో ఉంది. నీరు వస్తే బీడు పొలమవుతుంది. సీమ రైతుకు ఇంతకంటె సంతోషకరమైన వాక్యం లేదు. ఆ వాక్యంలోని 'బీడు' దగ్గర సాహిత్య విద్యార్థి ఒక్క క్షణం ఆగాలి.

మన రెవెన్యూ పరిభాషలో సాగులో లేని నేలకు పేర్లు చాలా ఉన్నాయి: బంజరు, పోరంబోకు, బీడు. ఇవన్నీ ఆ నేలలో ఏది లేదో చెప్పే పేర్లు. పన్ను లేదు, పంట లేదు, పట్టా లేదు. ఆ నేలలో ఏముందో చెప్పే పేరు వాటిలో లేదు. సాహిత్యం కూడా ఈ విషయంలో రెవెన్యూ శాఖకు దూరంగా జరగలేదు. కావ్యాలలో అడవి అంటే మహావృక్షాలు, సెలయేళ్లు, ఏనుగులు, సింహాలు. ఆధునిక కథలో పల్లె అంటే పొలం, చెరువు, రచ్చబండ. ఈ రెండింటి మధ్య ఉన్న ముళ్లపొదల నేల మన వర్ణనలలో దారి మధ్య దాటిపోయే చోటు, లేదా కరవుకు గుర్తు. పొదలు కనబడితే నేల చచ్చిపోయిందని పాఠకుడికి అర్థమవుతుంది. కరవు సాహిత్యం మనకు ఇచ్చిన గొప్ప కావ్యాలను, కథలను నేను తక్కువ చేయడం లేదు. అవి మనుషుల ఆకలిని చూశాయి, చూడవలసినది అదే. కాని బీడును శూన్యంగా చూపే అలవాటును అవీ బలపరిచాయి.

ఆ శూన్యంలో గొర్రెల కాపరి ఉన్నాడు, కట్టెలు ఏరుకునే స్త్రీ ఉంది, ఉచ్చులు పన్నే వేటగాడు ఉన్నాడు, కలివికోడి ఉంది. పరిశోధకుల అభిప్రాయంలో పశువుల మేత ఈ పక్షికి పూర్తిగా హాని కాదు. మితమైన మేత పొదల మధ్య వట్టి నేల మిగిలేలా చేస్తుంది. మేత పూర్తిగా ఆగి పొదలు ముసురుకున్నా, విచ్చలవిడిగా సాగి పొదలు నరికివేతకు గురైనా పక్షికి నష్టమే. అంటే ఈ పక్షి మనుషుల నుంచి పూర్తిగా వేరుచేయవలసినది కాదు. ఒక రకమైన పేదరికపు జీవనంతో కలిసి ఉన్న నేల మీద అది బతికింది. ఇక్కడే నాకు ఇబ్బంది కలుగుతుంది. ఆ పేదరికం అలాగే ఉండాలని కోరే హక్కు నాకు లేదు. కాపరి కొడుకు పాడి గేదెలు కొనుక్కుంటానన్నా, పొదల నేల చదును చేసి నిమ్మతోట వేస్తానన్నా, వద్దనగలిగిన నీతి నా దగ్గర లేదు. పక్షి కోసం సేకరించిన భూమి కూడా ఎవరో సాగు చేయదలచినదే కావచ్చు.

అందువల్ల పరిహారం అనే మాటను ఇక్కడ విస్తృతంగా చూడాలి. ఎకరాకు ఇంత అని ధర కట్టడం ఒక మెట్టు మాత్రమే. మేతను, పొదలను తగిన పాళ్లలో ఉంచడం పని అయితే, ఆ పని తెలిసిన కాపరికి దానికి కూలి ఎందుకు ఉండకూడదు? రాత్రిపూట పాదముద్రలు చదవడం పని అయితే, జెర్డన్‌కు, భూషణ్‌కు సమాచారం ఇచ్చిన కుటుంబాల వారసులకు ఆ ఉద్యోగం దినసరి కూలిగా కాక స్థిరంగా ఎందుకు ఉండకూడదు? ఈ ప్రశ్నలు పరిపాలనకు చెందినవి. కానీ చరిత్ర వాటిని అడగమంటోంది. ఈ పక్షి గురించి మనకున్న జ్ఞానంలో రెండు కీలక ఘట్టాలూ, 1840ల నాటిదీ, 1986 నాటిదీ, అలాంటివారు చెప్పిన మాటతోనే మొదలయ్యాయి.

టిట్టిభ కథ

పంచతంత్రం మిత్రభేదంలో సముద్రతీరాన గుడ్లు పెట్టిన టిట్టిభ దంపతుల కథ ప్రసిద్ధం. సముద్రం ఆ గుడ్లను అపహరిస్తుంది. పక్షి తోటి పక్షులను కూడగట్టి గరుత్మంతుడికి మొరపెట్టుకుంటుంది. విష్ణువు కోపానికి భయపడి సముద్రం గుడ్లు తిరిగి ఇస్తుంది. తక్కువ బలం ఉన్నవారు కూడగట్టుకుంటే ఎంతటివారినైనా లొంగదీయవచ్చు అని ఈ కథకు అన్వయం చెబుతారు. 2005 నాటి వ్యవహారానికి ఈ కథను జోడించడం సులభం. నీరు పక్షి చోటుకు వచ్చింది, మొర పైకి వెళ్లింది, నీరు దారి మార్చుకుంది.

అయితే పోలిక అక్కడితో తెగిపోతుంది. కథలో గుడ్లు తిరిగి వచ్చాయి. ఇక్కడ కాలువ దారి మార్చుకున్న తర్వాత పక్షి కనబడడం మానేసింది. 2009 ప్రాంతం తర్వాత నిర్ధారితమైన దర్శనం లేదు. కెమెరాలు పెట్టారు, సంధ్యవేళల్లో కూతలు వినిపించారు, జవాబు రాలేదు. 2025 ఆగస్టులో పక్షుల పరిశీలకులు కొందరు ఆంధ్రప్రదేశ్‌లో దీని కూతను రికార్డు చేశారన్న వార్త వచ్చింది. రెండు స్వరాల చిన్న కూత అది, చీకటి పడ్డాక కొద్దిసేపు మాత్రమే వినబడుతుంది. పక్షి మాత్రం ఎవరి కంటా పడినట్లు ఆ వార్తలో లేదు. విన్న చోటు ఏదో బయటపెట్టకపోవడం మంచిదేనని నా అభిప్రాయం. జెర్డన్ విన్న పేరు నిజంగా కూతకు అనుకరణే అయితే, ఇన్నేళ్లకు ఆ పక్షి మళ్లీ మనకు దొరికినది ఆ రూపంలోనే.